కనపడని మూడు ల్యాండ్‌మాస్టర్లు

బందరు బస్టాండు వెనక సందులో, కార్ల సీట్లు కుట్టే షెడ్డులో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. పాత రెక్సిను విప్పడం, లోపలి కొబ్బరి పీచు దులిపి ఎండబెట్టడం, వదులైన స్ప్రింగులు బిగించి కట్టడం, వాటి మీద గోనెపట్టా పరిచి దబ్బనంతో కుట్టడం నా పని. పైన రెక్సిను కుట్టేది మేస్త్రిగారు. కారులో కూర్చున్నవాళ్ళకి ఆయన పని కనపడుతుంది. నా పని కనపడాలంటే సీటు తిరగెయ్యాలి.

ల్యాండ్‌మాస్టర్ కారు వస్తే మాత్రం, ఎవరు ఏ పని మీద తెచ్చినా, ముందుగా వెనక సీటు పైకి లేపి అడుగు చూసేదాన్ని. ఎందుకో షెడ్డులో అందరికీ తెలుసు. మా పక్కన ఇంజన్ల పని చేసే మెకానిక్కు ఒకడుండేవాడు. ఆ కారు సందు మొదట్లో తిరగ్గానే అక్కడి నుంచే కేకేసేవాడు.

"వదినా, ల్యాండ్‌మాస్టరొచ్చింది. అన్నయ్య దిగుతున్నాడేమో చూస్కో."

అందరూ నవ్వేవాళ్ళు. నేను దబ్బనం చేత్తో పట్టుకునే వెళ్ళేదాన్ని. నవ్వితే నవ్వారు. నాకు ఆ సీటు అడుగు చూడటం కావాలి.

ఆ కారు ఇప్పటివాళ్ళకి తెలియదు. అంబాసిడర్ కన్నా ముందు వచ్చింది. వీపు గుండ్రంగా, ముక్కు బరువుగా ఉండేది. ముందు కూడా బల్లలాగా ఒకటే పొడుగు సీటు. గేరు కింద కాకుండా స్టీరింగు పక్కన ఉండేది. నా చిన్నప్పుడే అది పాత కారు కింద లెక్క. మా ఆయన అలాంటిది నడిపేవాడు. కారు గుడివాడలో ఒక ఆసామిది. మా ఆయన దాన్ని అవనిగడ్డలో పెట్టుకుని దివిసీమలోకి బాడుగలు తిప్పేవాడు.

మా పెళ్ళైన మొదటి ఏడు వెనక సీటు కుంగిపోయింది. ఆసామి బాగుచేయించనన్నాడు. మా ఆయన సీటు ఊడదీసి భుజాన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. మా నాన్న కూలి లేని రోజుల్లో కాలవల్లో చేపలు పట్టేవాడు. ఆయన వలలు బాగుచేసేది నేనే. అందుకని సీటు నాకిచ్చాడు. సీట్లు ఎలా కడతారో అప్పుడు నాకు తెలియదు. నాకు తెలిసిన వల ముడితోనే, నైలాన్ తాడు పెట్టి, స్ప్రింగుకి స్ప్రింగుని కట్టేశాను. ఒక మూల గోనె చాల్లేదు. పెళ్ళికి పెట్టిన నైలెక్స్ చీర అప్పటికే కొంగు చిరిగి ఉంది. అందులోంచి వంగపండు రంగు ముక్క ఒకటి కోసి ఆ మూలకి కుట్టాను. మా ఆయన దాని మీద కూర్చుని ఊగి చూసి, "బాగుందే, నా సీటు కూడా నువ్వే కట్టు," అన్నాడు. ముందు సీటు కట్టే పని పడలేదు.

డెబ్బై ఏడులో దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు పొద్దున్నే హంసలదీవి వైపు ఒక కుటుంబాన్ని దించడానికి వెళ్ళాడు. గాలి అప్పటికే పెద్దదైంది. దించేసి వెంటనే వచ్చేస్తానన్నాడు. ఆ రోజు గురించి చాలామంది రాశారు, నేను రాయను. మా అత్తా నేనూ స్కూలు డాబా మీద బతికాం. నీళ్ళు తీశాక ఊళ్ళో శవాలు వెతికి పూడ్చారు, కాల్చారు, కొన్నిటికి ముఖాలు కూడా లేవు. వాటిలో మా ఆయన లేడు. అతను తీసుకెళ్ళిన కుటుంబం ఇల్లుతో సహా పోయింది. వాళ్ళని దించాడో లేదో చెప్పడానికి మనిషి మిగల్లేదు.

కారు కూడా దొరకలేదు. అందరూ అక్కడే ఆగారు. మనిషి కొట్టుకుపోతాడు, పశువు కొట్టుకుపోతుంది. అంత ఇనుము ఎక్కడికి పోతుంది? మునిగితే మునిగినచోటే ఉండాలి కదా? ఎక్కడా లేదంటే బయటపడిందన్నమాట. కారు బయటపడిందంటే నడిపేవాడూ బయటపడ్డాడన్నమాట. మా అత్త దేవుడి మాట ఎంత నమ్మిందో ఈ మాటా అంతే నమ్మింది. గుడివాడ ఆసామి కూడా నమ్మాడు, కాకపోతే వేరేగా. గందరగోళంలో కారుతో ఉడాయించాడనీ, ఏ ఒంగోలులోనో అమ్ముకుని ఇంకో సంసారం పెట్టుంటాడనీ నలుగురిలో అన్నాడు. ఆ మాట గుడివాడ నుంచి మా పేట దాకా నడిచి వచ్చింది. ఉప్పెనలో మొగుడు పోయిన ఆడవాళ్ళ జాబితాలో నన్ను రాయలేదు. కారు దొంగ పెళ్ళానికి సాయమేమిటన్నారు.

మా చర్చి సంఘంలో ఏడాది చివరి ఆదివారం పాస్టరుగారు సభ్యుల పేర్లు చదువుతారు. మొదట ఊళ్ళో ఉన్నవాళ్ళు. తర్వాత ప్రభువునందు నిద్రించినవాళ్ళు, అంటే చనిపోయినవాళ్ళు. చివర్లో దూర ప్రాంతాలలో ఉన్నవాళ్ళు. మా ఆయన పేరు మూడో జాబితాలో చదివేవారు. అది వినపడినప్పుడల్లా మా అత్త తల పైకెత్తేది. నవంబరులో సమాధుల పండుగకి అందరూ వాళ్ళవాళ్ళ సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. మేమిద్దరం ఇంట్లో కూర్చునేవాళ్ళం. మా అత్త నన్ను అటు చూడనిచ్చేది కాదు. బతికున్నవాడికి కొవ్వొత్తి పెడతారా అనేది.

నేను అక్కడ ఉండలేక బందరు వచ్చేశాను. కూలి పని చాలా దొరికేది. సీట్ల షెడ్డే ఎందుకు పట్టుకున్నానంటే, ఆ కారు నిజంగా ఎక్కడైనా తిరుగుతుంటే దాని సీటు ఎప్పుడో ఒకప్పుడు కుంగాలి. ఈ చుట్టుపక్కల ల్యాండ్‌మాస్టర్ సీటు కట్టడం తెలిసిన షెడ్డు మాదొక్కటే. నాకు కారు నంబరు తెలియదు. అంకెలు చదవడం రాని రోజుల్లో ఆ నంబరు పలకని రోజూ చూశాను, తుడిచాను కూడా. ఏముందో తెలియదు. నాకు తెలిసింది నా ముడి.

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పట్లో పెద్దవాళ్ళకి చదువు చెప్పేవాళ్ళు, మధ్యాహ్నం అన్నాలయ్యాక బడి వరండాలో. పలక పట్టుకోవడానికి సిగ్గేసింది. దబ్బనం పట్టిన చేతికి బలపం తేలికగా ఉండి ఊరికే విరిగిపోయేది. నాతోపాటు నేర్చుకున్నవాళ్ళు బస్సు బోర్డులు, బైబిలు చదివారు. నేను మొదట రాసుకున్నవి కార్ల నంబర్లు. ఒక పొడుగు నోటుపుస్తకం కొని, షెడ్డుకి వచ్చిన ప్రతి ల్యాండ్‌మాస్టర్‌నీ రాయడం మొదలుపెట్టాను. నంబరు, ఊరు, సీటు అడుగున ఎవరి కట్టు ఉంది. రాసిన కొన్నాళ్ళకి ఒక సంగతి పట్టుకున్నాను. మా వైపు ఉప్పుగాలికి బాడీలు తినేస్తాయి. ఒక కారు పనికిరాకుండా పోతే దాని నంబరు పలక, కాగితాలు ఇంకో కారుకి తగిలించి తిప్పుతారు. ఒకే సీటు రెండు నంబర్ల మీద నా దగ్గరికి వచ్చింది. నంబర్లు చూస్తే పదిహేను కార్లున్నాయి. సీట్లు చూస్తే పన్నెండే.

తొంభైల చివర్లో ఒకరోజు రిటైరైన లెక్చరరు ఒకాయన తన సొంత ల్యాండ్‌మాస్టర్ నడుపుకుంటూ షెడ్డుకి వచ్చారు. వాళ్ళ నాన్నగారి కారట. ఆయన సీటు కోసం రాలేదు. కృష్ణా జిల్లా దిగువన, అంటే బందరు, గుడివాడ, దివిసీమలో ఈ కార్లు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్క కడుతున్నారట. మెకానిక్కు యాభై అన్నాడు. మేస్త్రిగారు ఆలోచించి పది కూడా ఉండవన్నారు. రవాణా ఆఫీసులో చూస్తే చాలా ఉన్నాయని ఆ లెక్చరరు మాస్టారే చెప్పారు. కారు తుక్కైందని ఎవరూ వెళ్ళి పేరు కొట్టించరు కదా.

"కాగితం మీద కార్లు చావవండీ," అన్నారు నవ్వి.

ఆయన మాట్లాడుతుండగానే నేను ఆయన కారు వెనక సీటు లేపేశాను. నా ముడి లేదు. మెకానిక్కు ఆయనకి నా కథ చెప్పేస్తున్నాడు, తన పద్ధతిలో. మాస్టారు నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, మీ దగ్గర లెక్కేమైనా ఉందా అమ్మా అని అడిగారు. నేను లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తెచ్చిచ్చాను. నా అక్షరాలు ఇంకొకళ్ళు చదవడం అదే మొదటిసారి. ఆయన కళ్ళద్దాలు మార్చుకుని ప్రతి పేజీ చదివారు.

ఆయన చిన్న పుస్తకంలో రోడ్డు మీద, ఇళ్ళ ముందు స్వయంగా చూసిన కార్ల నంబర్లున్నాయి. పలకలు మారినవాటి సంగతి నేను చెప్పాక, రెండు నంబర్లు కొట్టేసి తొమ్మిది మిగిల్చారు. ఆ తొమ్మిదిలో ఆరు నా పన్నెండులో ఉన్నాయి. ఆయన కాసేపు ఏదో రాసి, మొత్తం పద్దెనిమిది ఉండాలన్నారు. మనిద్దరం కలిసి చూసినవి పదిహేను, ఎవరం చూడనివి ఇంకో మూడు ఉండాలి.

చూడనివాటిని ఎలా లెక్కపెట్టారని అడిగాను. ఆయన నా చేతుల వంక చూసి, మీ ఇంట్లో వలలున్నాయా అని అడిగి, అలా చెప్పారు. చెరువులో వల వేసి పడ్డ చేపలన్నిటికీ దారం ముక్క కట్టి వదిలెయ్యాలి. మర్నాడు ఇంకొకరు వచ్చి వల వేస్తారు. వాళ్ళకి పడ్డవాటిలో మూడింట రెండు వంతులకి దారం ఉందంటే, మొదటిరోజు పట్టింది చెరువులో మూడింట రెండు వంతులన్నమాట. మిగతా వంతు ఇంకా నీళ్ళలో ఉంది. మొదటి వల మీది, రెండోది నాది అన్నారు.

నాకు బాగా అర్థమైంది. అంతవరకూ ఆ కారు ఉందని మా అత్త నమ్మకం, లేదని షెడ్డువాళ్ళ నవ్వు. లెక్క తెలిసినాయన కాగితం మీద మూడు అని రాసి చూపించడం అదే మొదలు. చేతిలో పీచు అలాగే పట్టుకుని అడిగాను.

"ఆ మూడూ తిరుగుతున్నాయంటారా మాస్టారూ?"

"ఎక్కడో ఉండాలమ్మా. ఏ స్థితిలో ఉన్నాయో లెక్క చెప్పదు."

రెండో మాట నేను వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి ఆ మూడింట్లో ఒకటి నాది.

మాస్టారు ఆదివారాలు వెతకడానికి వెళ్తూ నన్ను కూడా పిలిచారు. సీటు అడుగు చదవడం మీకే వచ్చు అన్నారు. మేస్త్రిగారి భార్య కూడా సరదాకి ఎక్కింది. మొదటిది గుడివాడ దగ్గర ఒక రైసుమిల్లు వెనక దొరికింది. చక్రాల్లేవు, లోపల కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. కోళ్ళని తోలి సీటు లేపాను. వేరే ఎవరిదో కట్టు. రెండోది తోట్లవల్లూరులో, ఒక రైతు దగ్గర. బ్రహ్మాండంగా నడుస్తోంది. పసుపు బస్తాలు వేసి తిప్పి తిప్పి సీటంతా పసుపైంది. అదీ కాదు. మాస్టారు సంతోషంగా ఉన్నారు, ఆయన లెక్క నిజమవుతోంది. నేనూ సంతోషంగానే ఉన్నాను. రెండు కాదని తేలింది కాబట్టి మిగిలింది ఇక అదే. ఇంత తెలివితక్కువ లెక్క ఎలా వేసుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే భయం వేస్తుంది.

మూడోదాని కబురు వచ్చేసరికి కొన్ని నెలలు పట్టింది. హంసలదీవి దగ్గర రొయ్యల చెరువుల మీద ల్యాండ్‌మాస్టర్ సామాను ఉందని మేత లారీ డ్రైవరు మెకానిక్కుతో చెప్పాడు. ఈసారి మెకానిక్కు కేకెయ్యలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పి వెళ్ళాడు.

పులిగడ్డ దాటి దివిసీమలోకి వచ్చాం. ఉప్పెన తర్వాత అటువైపు ల్యాండ్‌మాస్టర్‌లో వెళ్ళడం నాకదే మొదటిసారి. ఒకప్పుడు వరి ఉన్నచోట్లన్నీ చెరువులు. గట్ల మీద మోటార్లు, మేత వాసన. చెరువుల మధ్య తాటాకు పాక, అందులో కాపలా మనిషి ఒకడు ఉన్నాడు. కృత్తివెన్ను నుంచి పనికి వచ్చి, చెరువులు తవ్విన రోజుల నుంచీ అక్కడే ఉన్నాడట. మేత బస్తాల మీద మూతగా కారు బానెట్ బోర్లించి ఉంది. గుండ్రటి ముక్కు. అతను వెనక సీటు మీద కూర్చుని ఉన్నాడు.

మేం దగ్గరికి వెళ్ళేసరికి మర్యాదకి లేచాడు. నేను అతన్ని అడక్కుండానే సీటు పట్టుకుని తిరగేశాను. రెక్సిను పగిలిపోయింది. గోనె లేదు, పీచు లేదు. స్ప్రింగులు తుప్పుతో లావెక్కి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ప్రతి స్ప్రింగు మీదా నైలాన్ తాడు ఉంది, రంగుపోయి తెల్లగా. వల ముడి. ఎడమవైపు మూల వంగపండు రంగు గుడ్డ ముక్క.

"ఇదెక్కడిది తమ్ముడూ?"

"చెరువులు తవ్వినప్పుడు మట్టిలో బయటపడిందక్కా. మనిషి లోతుకంటే కిందుంది. ఇనుమంతా అమ్మేశారు. ఇదీ ఆ మూతా నేను ఉంచుకున్నా."

"కారొక్కటే బయటపడిందా?"

అతను మాస్టారి వంక చూశాడు. "ఆయన ఆఫీసాయనా అక్కా?" అని అడిగాడు. కాదనీ, పాత కార్లు లెక్కపెడుతుంటారనీ చెప్పాను. ఈ సీటు నేను కట్టాననీ, కారు నడిపింది మా ఆయనేననీ చెప్పాను.

"కూర్చోక్కా," అన్నాడు. కూర్చోవడానికి అక్కడ ఆ సీటు తప్ప ఏమీ లేదు. నేను నిలబడే ఉన్నాను.

"ముందు సీట్లో ఒక్కళ్ళే ఉన్నారక్కా. వెనకాల ఎవరూ లేరు. తలుపులు వేసే ఉన్నాయి."

"ఏం చేశారు?"

"పోలీసులకి చెబితే పని ఆగిపోద్దన్నారు పైవాళ్ళు. మేం నలుగురం గట్టులో పెట్టి మట్టేశాం. దండం పెట్టుకునే వేశామక్కా. ఊరికే వెయ్యలా."

"ఏ గట్టు?"

"ఆ గట్టు ఇప్పుడు లేదక్కా. రెండు చెరువులు కలిపేశారు."

అతను చెయ్యి చూపించిన వైపు నీళ్ళే ఉన్నాయి. వెనకాల ఎవరూ లేరంటే వాళ్ళని దించేశాడన్నమాట. తిరిగి వస్తున్నాడన్నమాట. కారు ముక్కు ఎటు వైపు ఉందని అడిగాను. అతను అవనిగడ్డ వైపే అన్నాడు. నా ముఖం చూసి అలా అన్నాడేమో కూడా. అంత నీళ్ళలో కారు ఎన్నిసార్లు తిరిగి ఉంటుందో మాస్టారికి తెలుసు, నాకూ తెలుసు.

వచ్చేముందు ఆయన పుస్తకం తీసి పెన్సిలు పట్టుకుని నిలబడ్డారు. ఈ కారుని ఏమని రాయాలో తెలియలేదాయనకి. పెన్సిలు నేను తీసుకున్నాను. ఆయన ఖాళీ ఉంచిన పద్దెనిమిదో వరసలో "మునిగింది" అని రాశాను. మ కొమ్ము కిందకి జారింది. పైన పద్దెనిమిది అంకె కొట్టేసి పదిహేడు వేశాను.

సీటు అడిగితే అతను మారుమాట లేకుండా ఇచ్చేశాడు. మాస్టారి కారు వెనక పెట్టుకుని మా ఊరికి బయలుదేరాం. దారిపొడుగునా అత్తకి ఎలా చెప్పాలా అనే ఆలోచించాను. ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అని. ఒక్క సంగతి ఆలోచించలేదు. మేం వెళ్తున్నది ల్యాండ్‌మాస్టర్‌లో. మా అత్తకి అప్పటికి కళ్ళు దాదాపు పోయాయి, చెవులు బాగానే ఉన్నాయి. కాలవ గట్టు మీద ఆపి నడిచి వెళ్దామని నాకు తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు.

పేటలోకి కారు తిరిగేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది. ద్వారబంధం పట్టుకుని, కొంగు భుజం మీదకి సర్దుకుని, చప్పుడు వైపు ముఖం పెట్టి నిలబడింది. నేను దిగి దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చాడా? ముందు కారు గుడివాడ వాళ్ళకి అప్పజెప్పి రమ్మనవే. అన్నం తర్వాత తింటాడు."

ఆవిడని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టాను. మాస్టారు సీటు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర తిరగేసి పెట్టారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కో ముడి మీదా పెట్టాను. ఆ సీటు మా అరుగు మీదే కట్టాను, తాడు అందించింది ఆవిడే. ముడులు తడిమింది, గుడ్డ ముక్క తడిమింది, స్ప్రింగుల మధ్య వేళ్ళు పెట్టి ఎండిన మట్టి నలిపింది. చాలాసేపు నలిపింది.

"కారు దొరికిందన్నమాట."

"ఆ, అత్తా."

"మరి మావాడు దొంగ కాదు."

"కాదత్తా."

అప్పుడు ఏడ్చింది.

మరుసటి ఆదివారం నేను సంఘ పెద్దల దగ్గరికి వెళ్ళాను. సమాధి కట్టుకుంటాం, పేరు మార్చండి అన్నాను. ఒక పెద్దాయన, సమాధిలో ఏం పెడతామమ్మా, ఇనప స్ప్రింగులకి ప్రార్థన ఎలా చేస్తామన్నారు. ఎముకలెక్కడున్నాయని అడిగారు. నీళ్ళ కింద ఉన్నాయన్నాను. నీళ్ళ కింద ఉన్నాయని ఎవరు చూశారన్నారు. నేను సీటు తీసుకెళ్ళి చర్చి అరుగు మీద పెట్టాను. పాస్టరుగారు వాళ్ళ మాటలన్నీ అయ్యేదాకా విని, ఆ ఇల్లాలు చేత్తో కట్టింది, అతను పోయిన రోజు ఆ కారులోనే ఉన్నాడు, ఇంతకన్నా సాక్ష్యం మన పేటలో చాలామందికి లేదు అన్నారు. సీటుని దుప్పట్లో చుట్టి పాతిపెట్టాం. గుంట పొడవు చాల్లేదు, మనిషికి తవ్వినట్టు తవ్వలేదు వాళ్ళు. మళ్ళీ తవ్వించాను.

గుడివాడ నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆసామి ఎప్పుడో పోయాడు. వాళ్ళ కోడలు తలుపు సగం తీసి విని, ఆ కారు గురించి మాకేం తెలియదమ్మా, మా మావయ్యగారి కాలం నాటిది అంది. నేను చెప్పదలచుకున్నది ఆ సగం తలుపుకే చెప్పాను. మా ఆయన మీ కారు ఎత్తుకుపోలేదు, మీ కారులో పోయాడు. ఆవిడ సరేనంది. మంచినీళ్ళు కావాలా అంది. తాగి వచ్చేశాను.

ఆ నవంబరులో మా అత్త పక్కన కూర్చుని సమాధికి సున్నం వేశాను. సాయంత్రం కొవ్వొత్తి తనే వెలిగిస్తానని ఆవిడ పట్టుబట్టింది. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది, వేళ్ళు కాలుతున్నా తియ్యలేదు. అంతకాలం ఎదురుచూసిన మనిషి, ఎదురుచూడటానికి ఏమీ లేకపోయేసరికి కొద్ది నెలలకే మంచం పట్టి పోయింది. చెప్పకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు బతికేదని పేటలో కొందరు నా ముఖం మీదే అన్నారు. అయ్యుండొచ్చు.

కానీ ఆ ఏడాది చివరి ఆదివారానికి ఇంకా లేచి తిరుగుతూనే ఉంది. పాస్టరుగారు పేర్లు చదువుతుంటే నా పక్కనే బెంచీ మీద ఉంది. రెండో జాబితాలో మా ఆయన పేరు చదివారు. ఆవిడ తల ఎత్తలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. ఆయన పేజీ తిప్పి మూడో జాబితా మొదలుపెట్టారు. అన్నేళ్ళూ అందులో ఒక్క పేరు కోసమే విన్నాను, మిగతావి ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. వాళ్ళలో హైదరాబాదు వెళ్ళినవాళ్ళున్నారు, మద్రాసు వెళ్ళినవాళ్ళున్నారు. ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఉప్పెన రోజు గేదెల కోసం చేలోకి వెళ్ళినాయన, పురిటికి పుట్టింటికి బయలుదేరిన పిల్ల, సంతకి వెళ్ళిన అన్నదమ్ములిద్దరు. మా అత్త నా వైపు వంగి మెల్లిగా అడిగింది.

"మావాడి లాంటివాళ్ళు ఇంకా ఎంతమందున్నారే అందులో?"

వేళ్ళు మడిచాను. ఏడుగురి దాకా లెక్క వచ్చింది. వాళ్ళ మనుషులు వెనక బెంచీల్లో కూర్చుని, పేరు వినపడినప్పుడు తలలు ఎత్తుతున్నారు.